మోటరుకు పరీక్ష ఉంది, కరెంటుకు లేదు

బోరు మోటరు కాలిన ప్రతిసారీ రైతుకు ఎదురయ్యే మొదటి ప్రశ్న ఒకటే: "ఏ కంపెనీ మోటరు పెట్టినవ్? ఐఎస్ఐ ఉందా?" అడిగేది కరెంటు ఆఫీసువాళ్లు కావచ్చు, మోటరు అమ్మిన దుకాణందారు కావచ్చు. దుకాణందారు ఇంకో మాట కూడా కలుపుతాడు: "లో వోల్టేజీకి కాలితే గ్యారంటీ రాదు." అంటే తప్పు మోటరుదన్నా కావాలి, లేదంటే రైతుదన్నా కావాలి. ఆ మోటరులోకి పోయిన కరెంటు ఎట్లాంటిదని ఒక్కరూ అడగరు. అడిగితే జవాబు చెప్పేందుకు ఎవరి దగ్గరా రికార్డు లేదు.

దేవరకొండ ప్రాంతంలో ఇది చిన్న విషయం కాదు. చింతపల్లి, కొండమల్లేపల్లి, డిండి, చందంపేట, నేరెడుగొమ్ము, పీఏపల్లి మండలాల్లో కాలువ ఎక్కని మెట్ట భూములకు బోరే దిక్కు. 2015లో శంకుస్థాపన జరిగిన డిండి ఎత్తిపోతల నీళ్ల కోసం ఇంకా ఎదురు చూస్తూనే ఉన్నాం. బత్తాయి తోటైనా, యాసంగి వరి మడైనా, పత్తికి ఒక్క తడైనా వందల అడుగుల లోతులో దిగిన మోటరు మీదనే ఆధారం. ఆ మోటరు కాలితే ఖర్చు వైండింగ్ ఒక్కదానితో పోదు. పైపులు గుంజాలి, మోటరును పట్నానికి తోలాలి, తిరిగి దించాలి. ఆ నాలుగైదు రోజులు పొట్ట మీదున్న వరి ఆగదు, కాత పట్టిన చెట్టు ఆగదు. వైండింగ్ దుకాణం రసీదులో ఎండిన మడి ఖరీదు ఎక్కదు.

అందుకే ఈసారి మోటరు సంగతి పక్కన పెట్టి, కరెంటు సంగతి మాట్లాడుకుందాం. ముందుగా ఆ మోటరుకు ఐఎస్ఐ ముద్ర ఎట్లా వస్తుందో చూద్దాం. మన వాదనకు బలమంతా అక్కడే ఉంది.

ల్యాబు ముందు తన కరెంటును పరీక్షించుకుంటుంది

సబ్‌మర్సిబుల్ పంపుసెట్లకు ఐఎస్ 8034 అనే ప్రమాణం ఉంది. వాటి మోటర్లకు ఐఎస్ 9283, ఓపెన్‌వెల్ సబ్‌మర్సిబుల్‌కు ఐఎస్ 14220 ఉన్నాయి. ఈ ప్రమాణాల ప్రకారం పరీక్ష చేసే ల్యాబులు దేశంలో చాలానే ఉన్నాయి. పంపుల పరిశ్రమకు పేరున్న కోయంబత్తూరులో సిటార్క్ ఉంది. కేంద్ర ప్రభుత్వ విద్యుత్ పరిశోధన సంస్థ సీపీఆర్ఐ 1960 నుంచి బెంగళూరు కేంద్రంగా విద్యుత్ పరికరాలను పరీక్షిస్తోంది. హైదరాబాదులోనూ దానికి ఒక విభాగం ఉంది.

అట్లాంటి ల్యాబులో మోటరును బల్ల మీద పెట్టి ఊరికే స్విచ్చి వేయరు. ముందు తమకు వచ్చే కరెంటు ఎట్లుందో చూసుకుంటారు. బయటి లైను ఎగుడుదిగుడు లోపలికి రాకుండా స్టెబిలైజరో, డిమ్మరో, ప్రత్యేక సప్లయి యంత్రమో పెడతారు. మూడు ఫేజుల వోల్టేజీ సమానంగా ఉందా, 50 హెర్ట్జ్ నిలకడగా ఉందా, కరెంటు అల నున్నగా ఉందా వంకరలు పోతోందా అని పవర్ అనలైజర్ పెట్టి కొలుస్తారు. ఆ అనలైజర్ సరిగా కొలుస్తుందా లేదా అన్నదానికి మళ్లీ వేరే చోట పరీక్ష చేయించి కాలిబ్రేషన్ పత్రం తెచ్చుకుంటారు. ల్యాబులకు గుర్తింపునిచ్చే ఐఎస్ఓ/ఐఈసీ 17025 ప్రమాణం కూడా ఇదే చెబుతుంది. ఫలితాన్ని ప్రభావితం చేసే పరిస్థితులు ఏవైనా సరే, వాటిని గమనించాలి, అదుపులో పెట్టాలి, రాసి పెట్టాలి.

ఎంత కచ్చితంగా ఉండాలో కూడా రాసి ఉంది. తిరిగే విద్యుత్ యంత్రాలకు సంబంధించిన అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 60034-1. మోటరు ఎంత వేడెక్కుతుందో చూసే పరీక్షలో మూడు ఫేజుల మధ్య అసమతుల్యత అర శాతం కంటే తక్కువ ఉండాలని అది అంటుంది. మామూలుగా నడిచేటప్పుడైనా చాలాకాలం పాటు ఒక శాతం మించి భరించేలా మోటరును తయారు చేయనవసరం లేదని కూడా అదే ప్రమాణం చెబుతుంది.

ఇందులో ల్యాబువాళ్ల తప్పేమీ లేదు. కరెంటు బాగా లేకపోతే మోటరు గురించి ఏ నిజమూ తెలియదు, కాబట్టి వాళ్లు చేసేది సరైన పనే. మోటరు కాలిందంటే అది మోటరు తప్పా, కరెంటు తప్పా అని తేల్చాలంటే ముందు కరెంటును కొలిచి ఉండాలి. ఇది ఇంజనీర్లు తమకు తాము పెట్టుకున్న న్యాయం. మనం అడిగేది కూడా అదే న్యాయం. నాలుగు గోడల మధ్య ఒక్క మోటరును పరీక్షించడానికి కరెంటును ఇంత జాగ్రత్తగా కొలిచేవాళ్లు, లక్షల మోటర్లు తిరిగే చేలల్లో ఎందుకు కొలవరు? కొలవకుండానే తప్పు రైతుదని ఎట్లా తేలుస్తారు?

మన చేలోకి వచ్చే కరెంటు

మోటరు పలక మీద 415 వోల్టులని ఉంటుంది. చట్టం ప్రకారం లో టెన్షన్ లైనులో వోల్టేజీ 6 శాతానికి మించి ఎక్కువ తక్కువలు కావద్దు. అంటే ఫేజుకూ ఫేజుకూ మధ్య 390కి తగ్గొద్దు, 440కి మించొద్దు. 1956 నాటి విద్యుత్ నిబంధనల కాలం నుంచి ఉన్న హద్దు ఇది. యాసంగిలో అందరి మోటర్లు ఆడే వేళ లైను చివరన ఉన్న తండా రైతు స్టార్టర్ డబ్బా మీది మీటరు ఎన్నిసార్లు 390 చూపిస్తుందో సభ్యులకు వేరే చెప్పనక్కర లేదు.

వోల్టేజీ ఎందుకు పడుతుంది? కారణాల్లో కంటికి కనిపించని రహస్యమేమీ లేదు. మొదటిది, ట్రాన్స్‌ఫార్మర్ మీద మోపిన బరువు. 5 హెచ్‌పీ మోటరు ఒకటి దాదాపు 6 కేవీఏ లాగుతుంది. అంటే 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ నాలుగు మోటర్లకు సరిపోతుంది. దాని కింద ఏడెనిమిది నడిస్తే వోల్టేజీ పడటమే కాదు, ఏదో ఒక రోజు ట్రాన్స్‌ఫార్మర్ కూడా పోతుంది. రెండోది లైను పొడవు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర సరిగా ఉన్న వోల్టేజీ, సన్నని తీగ మీద కిలోమీటరు పోయేసరికి కరిగిపోతుంది. మూడోది నిర్వహణ. వదులైన జాయింటు, తుప్పు పట్టిన ఏబీ స్విచ్, కాలిన ఫ్యూజు స్థానంలో చుట్టిన తీగ, తెగిన న్యూట్రల్, ఒక ఫేజు మీదనే వేసిన ఊరి లైట్ల బరువు ఈ లెక్కలోకే వస్తాయి. మూడు ఫేజులు మూడు తీర్లుగా రావడానికి ఎక్కువగా ఇవే కారణం.

ఈ జబ్బుకు మందు తెలియక ఆగలేదు. 11 కేవీ లైనునే చేల దాకా తెచ్చి, నలుగురైదుగురు రైతులకు ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మర్ చొప్పున పెట్టే హెచ్‌వీడీఎస్ పద్ధతిని ఉమ్మడి రాష్ట్రంలోనే మొదలుపెట్టారు. అది సక్రమంగా అమలైతే లో టెన్షన్ లైను పొడవు తగ్గుతుంది, చివరి మోటరుకు కూడా వోల్టేజీ నిలబడుతుంది. కానీ చిన్న ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి దాని కిందనే మళ్లీ కనెక్షన్లు పెంచుకుంటూ పోతే పాత కథే మొదటికొస్తుంది.

చేతి వేళ్ల మీద చేసుకునే లెక్క

లో వోల్టేజీ అంటే నీళ్లు కొంచెం తక్కువ పోస్తుందని మాత్రమే చాలామంది అనుకుంటారు. అసలు నష్టం లోపల జరుగుతుంది.

మోటరు తిప్పే బలం వోల్టేజీ వర్గాన్ని బట్టి ఉంటుంది. 415 వోల్టులు 300కు పడితే బలం నాలుగో వంతు తగ్గడం కాదు, దాదాపు సగానికి పడిపోతుంది. అప్పుడు స్టార్టు చేస్తే మోటరు తిరగలేక గుయ్యిమని మూలుగుతుంది, మామూలు కంటే ఐదారు రెట్లు కరెంటు లాగుతూ నిలబడిపోతుంది. స్టార్టర్ ట్రిప్ కాకపోతే నిమిషాల్లో కాలుతుంది.

తిరుగుతున్న మోటరు కథ వేరు. ఎత్తాల్సిన నీటి బరువు తగ్గదు కాబట్టి, తగ్గిన వోల్టేజీకి బదులుగా అది ఎక్కువ ఆంపియర్లు గుంజుతుంది. ఆంపియర్లు 20 శాతం పెరిగితే తీగలో పుట్టే వేడి 44 శాతం పెరుగుతుంది. వేడి కూడా వర్గం లెక్కనే పెరుగుతుంది మరి.

మూడో లెక్క అన్నిటికన్నా ముఖ్యమైనది, అందరూ మరిచేది. మీ స్టార్టర్ దగ్గర మూడు ఫేజుల మధ్య వోల్టేజీలు 375, 360, 345 వచ్చాయనుకోండి. సగటు 360. సగటు నుంచి ఎక్కువ దూరంలో ఉన్నదాని తేడా 15. పదిహేనును 360తో భాగిస్తే 4 శాతం పైచిలుకు. ఇది అసమతుల్యత. మోటర్ల ఇంజనీర్లు వాడే అంచనా సూత్రం ప్రకారం ఈ శాతాన్ని దానితోనే గుణించి, రెండింతలు చేస్తే అదనంగా పెరిగే వేడి వస్తుంది. నాలుగు నాళ్లు పదహారు, రెండింతలు ముప్పై రెండు. అంటే మోటరు వేడి దాదాపు మూడో వంతు అదనం. అమెరికా మోటరు తయారీదారుల ప్రమాణమైన నీమా ఎంజీ-1, 5 శాతం మించి అసమతుల్యత ఉంటే అసలు మోటరు నడపడమే మంచిది కాదంటుంది. ల్యాబులో ఫేజుల తేడాను లెక్కించే పద్ధతి దీనికి కొంచెం వేరైనా, అక్కడి అర శాతం ఎక్కడ, ఇక్కడి నాలుగు శాతం ఎక్కడ!

వేడి పెరిగితే ఏమవుతుంది? వైండింగ్ ఇన్సులేషన్ ఉండాల్సిన వేడి కంటే ప్రతి 10 డిగ్రీలు పెరిగినప్పుడల్లా దాని ఆయుష్షు సుమారు సగానికి తగ్గుతుందన్నది విద్యుత్ ఇంజనీర్లందరూ ఒప్పుకునే మోటు సూత్రం. నీళ్లు నింపే సబ్‌మర్సిబుల్ మోటర్లలో తీగ మీద ఉండేది ప్లాస్టిక్ పొర. దానికి వేడిని ఓర్చుకునే శక్తి ఇంకా తక్కువ. పదేళ్లు రావాల్సిన వైండింగ్ రెండేళ్లకే పోయిందంటే అందులో ఆశ్చర్యం లేదు. మోటరు ఒక్కరోజులో కాలలేదు. రోజూ కొంచెం కొంచెం కాలింది. చివరి రోజు మాత్రమే మనకు కనిపించింది.

తప్పంతా రైతుదేనా?

డిస్కం తరఫున వినిపించే వాదనలు మనకు కొత్తవి కావు. రైతులు ఐఎస్ఐ లేని మోటర్లు పెడతారు, 5 హెచ్‌పీ అని రాయించి 7.5 హెచ్‌పీ దించుతారు, కెపాసిటర్లు పెట్టరు, ఆటో స్టార్టర్లు వాడతారు, అనుమతి లేని కనెక్షన్లు వేసుకుంటారు అంటారు. వీటిలో నిజం ఉన్నచోట మనం ఒప్పుకోవాలి, దిద్దుకోవాలి కూడా. 5 హెచ్‌పీ మోటరుకు 2 కేవీఏఆర్ కెపాసిటర్ పెడితే లైను మీద అనవసరపు బరువు తగ్గుతుంది. అది మన మోటరుకూ, పక్క రైతు మోటరుకూ మేలే. ఆటో స్టార్టర్ సంగతి ఇంకా ముఖ్యం. కరెంటు పోయి వచ్చినప్పుడు ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింద ఎనిమిది మోటర్లు ఒకేసారి లేచాయంటే, ఆ క్షణాల్లో దాని మీద పడేది నలభై, యాభై మోటర్ల కరెంటు. మన చేతులతో మన ట్రాన్స్‌ఫార్మర్‌నే కాల్చుకున్నట్టు.

కానీ మొత్తం తప్పు ఇదేనంటే అది ఆడలేక మద్దెల ఓడన్నట్టే. రైతు ఎందుకు ఆటో స్టార్టర్ పెట్టాడు? కరెంటు అర్ధరాత్రి ఏ గంటకు వస్తుందో తెలియక పెట్టాడు. పాములు, తేళ్లు తిరిగే చీకట్లో పొలానికి పోలేక పెట్టాడు. 2017 జూలైలో మన పాత నల్లగొండ జిల్లాలో ప్రయోగాత్మకంగా, 2018 జనవరి 1 నుంచి రాష్ట్రమంతటా 24 గంటల కరెంటు మొదలైంది. ఆటో స్టార్టర్లు తీసేయమని డిస్కంలు ఊరూరా ప్రచారం చేసింది అప్పుడే. ఆ ప్రచారంలో న్యాయం ఉంది. అయితే గంటల గురించి చేసిన వాగ్దానంలో వోల్టేజీ మాట లేదు. 24 గంటలు 340 వోల్టులు ఇస్తే అది 24 గంటలు మోటరును ఉడకబెట్టడమే.

రైతు లోకల్ మోటరు ఎందుకు కొన్నాడన్న ప్రశ్నకూ జవాబు అక్కడే ఉంది. కంపెనీ ల్యాబులో 415 వోల్టుల దగ్గర మంచి మార్కులు తెచ్చుకున్న మోటరు మన లైను మీద నిలబడదని అనుభవం చెప్పింది. లావు తీగ చుట్టి, తక్కువ వోల్టేజీకి కూడా లేచేలా లోకల్‌గా కట్టిచ్చిన మోటరు కరెంటు ఎక్కువ తిన్నా ఎక్కువ కాలం ఆడుతుందని రైతు గమనించాడు. స్టార్ గుర్తులున్న మోటర్లు కొనమని చెప్పే అధికారులు ముందు ఆ మోటరు బతికే వోల్టేజీ ఇవ్వాలి. లైను బాగు చేయకుండా మోటరు మార్చమనడం, మురికి నీళ్లు పోసి కుండ మార్చమన్నట్టుంటుంది.

ఇదంతా మనమొక్కరం చెప్పే మాట కాదు. 2001లో ప్రపంచ బ్యాంకు ఆంధ్రప్రదేశ్, హర్యానా రాష్ట్రాల్లో వ్యవసాయ విద్యుత్తు మీద అధ్యయనం చేయించింది. రైతు మీద చార్జీలు వేయాలన్న ఆ బ్యాంకు ఉద్దేశంతో మనకు ఎప్పుడూ పేచీయే. అయినా మోటర్లు కాలడం, మరమ్మతులు, సరిగా రాని కరెంటు రైతు నెత్తిన పడే ఖర్చులేనని ఆ అధ్యయనం కూడా ఒప్పుకోక తప్పలేదు.

ఉచితమైతే నాణ్యత అడగొద్దా?

"ఫ్రీ కరెంటుకు ఇంకా క్వాలిటీ కూడానా?" అని నవ్వేవాళ్లున్నారు. ఎద్దు పుండు కాకికి నొప్పా? వాళ్లకు రెండు సంగతులు చెప్పాలి.

ఒకటి, 2004 మే నుంచి వ్యవసాయానికి కరెంటు ఉచితం అన్నది రైతుకు, డిస్కంకు కాదు. విద్యుత్ చట్టం 2003లోని 65వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వం ఎవరికైనా రాయితీ ఇవ్వదలిస్తే ఆ సొమ్మును లైసెన్సుదారుకు ముందుగానే చెల్లించాలి. అంటే మన బోరుకు వచ్చే ప్రతి యూనిట్ డిస్కం లెక్కల్లో అమ్మిన సరుకే. కొన్నది ప్రభుత్వం, అదీ మన పన్నుల నుంచి. డబ్బు తీసుకుని పాడైన సరుకు ఇచ్చే హక్కు ఏ వ్యాపారికీ లేదు. ప్రభుత్వం ఆ సొమ్ము సకాలంలో ఇవ్వలేదంటే డిస్కం ప్రభుత్వాన్ని నిలదీయాలి గానీ, ఆ కోపం మన మోటరు మీద తీర్చుకోవద్దు.

రెండు, అదే చట్టం 57వ సెక్షన్ కింద సేవా ప్రమాణాలు పెట్టే అధికారం విద్యుత్ నియంత్రణ మండలికి ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో 2004లో 7వ నంబరు రెగ్యులేషన్, తెలంగాణ వచ్చాక 2016లో 5వ నంబరు రెగ్యులేషన్ అట్లా వచ్చినవే. వాటి ప్రకారం కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్‌ను పల్లెల్లో 48 గంటల్లో మార్చాలి. వోల్టేజీ ఫిర్యాదు లైను విస్తరణ లేకుండా తీరేదైతే 10 రోజుల్లో, లైను స్థాయి పెంచాల్సి వస్తే 120 రోజుల్లో సరిచేయాలి. గడువు దాటితే వినియోగదారుడికి పరిహారం ఇవ్వాలి. ఈ నిబంధనల్లో ఎక్కడా "బిల్లు కట్టని వ్యవసాయ కనెక్షన్లకు ఇవి వర్తించవు" అని రాసి లేదు. మరి 48 గంటల్లో ట్రాన్స్‌ఫార్మర్ ఎందుకు రాదు? దాన్ని మోసుకుపోవడానికి ట్రాక్టరు కిరాయి రైతులే ఎందుకు చందాలేసుకుంటారు? మన ఫిర్యాదులు నోటి మాటగానే ఉండిపోతున్నాయి కనుక. కాగితం లేని ఫిర్యాదుకు గడువు మొదలు కాదు, పరిహారమూ పుట్టదు.

కొలిచేది ఎవరిని?

ఇక్కడ ఒక తిరకాసు గమనించాలి. వ్యవసాయ కనెక్షన్లకు మీటర్లు లేవు కాబట్టి, రైతులు మొత్తం ఎన్ని యూనిట్లు వాడారో అంచనా కట్టడానికి ఎంపిక చేసిన ట్రాన్స్‌ఫార్మర్ల దగ్గర మీటర్లు పెట్టి లెక్క తీస్తారు. ఆ లెక్క మీదనే సబ్సిడీ బేరం నడుస్తుంది. అంటే మనం ఎంత తాగామో తెలుసుకోవాలన్నప్పుడు మీటరు దొరుకుతుంది. మనకు ఏం పోశారో తెలుసుకోవాలన్నప్పుడు మాత్రం దొరకదు. నేటి ఎలక్ట్రానిక్ మీటరు యూనిట్లతో పాటు మూడు ఫేజుల వోల్టేజీ కూడా గంటగంటకూ గుర్తుంచుకోగలదు. కావాల్సింది కొత్త సాంకేతికత కాదు, ఆ లెక్క బయటపెట్టే మనసు.

"మీటరు" అనగానే సభ్యుల గుండె గుభేల్‌మంటుందని తెలుసు. అది న్యాయమైన భయమే. పక్క ఆంధ్రప్రదేశ్‌లో శ్రీకాకుళం జిల్లా నుంచి మొదలుపెట్టి వ్యవసాయ మోటర్లకు మీటర్లు బిగించబోతే రైతులు ఎందుకు ఎదురు తిరిగారో మనం చూశాం. ఇవాళ మీటరు, రేపు బిల్లు అన్నది అనుమానం కాదు, అనుభవం. అందుకే మన డిమాండు స్పష్టంగా ఉండాలి. కొలిచే పరికరం రైతు బోరు దగ్గర కాదు, డిస్కం ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఉండాలి. అది రైతు వాడకాన్ని కాదు, డిస్కం సరఫరాను కొలవాలి. ఆ లెక్కను బిల్లుకు వాడబోమని నియంత్రణ మండలి రాతపూర్వకంగా ఆదేశించాలి.

ఇది జరిగే పనేనా అంటే, జరిగే పనే. పుణెకు చెందిన ప్రయాస్ సంస్థ ఈఎస్ఎంఐ పేరుతో దేశంలో చాలాచోట్ల ఇళ్లల్లో చిన్న పెట్టెలు పెట్టి, నిమిష నిమిషానికీ వోల్టేజీని నమోదు చేసి, ఆ లెక్కను ఎవరైనా చూసుకునేలా బహిరంగంగా పెట్టింది. ఒక స్వచ్ఛంద సంస్థ చేయగలిగిన పని, వేల కోట్ల లావాదేవీలు నడిపే డిస్కం చేయలేదా? వోల్టేజీ, అసమతుల్యత, కరెంటు పోకలు ఎట్లా కొలవాలో చెప్పే ఐఈసీ 61000-4-30 అనే ప్రమాణం ఎప్పటినుంచో ఉంది. ఫ్యాక్టరీలు, ల్యాబులు దాన్ని వాడుకుంటున్నాయి. దాన్ని చేను దాకా తేవడానికి అడ్డం ఒక్కటే. కొలిస్తే బాధ్యత ఎవరిదో తేలిపోతుంది.

గ్రామ శాఖలు ఈ నెలలోనే చేయాల్సిన పని

వాళ్లు కొలిచేదాకా మనం చేతులు కట్టుకుని కూర్చోవద్దు. ప్రతి గ్రామ శాఖ ఒక వోల్టేజీ రిజిస్టరు పెట్టాలి. ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింద మూడు మోటర్లను ఎంచుకోండి: ట్రాన్స్‌ఫార్మర్ పక్కది ఒకటి, నడిమది ఒకటి, లైను చివరది ఒకటి. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి, రోజుకు మూడుసార్లు మూడు ఫేజుల వోల్టేజీ, ఆంపియర్లు రాయండి. తేదీ, గంట, మోటరు నడుస్తోందా ఆగి ఉందా అన్నది తప్పక రాయాలి. స్టార్టర్ డబ్బా మీది మీటరు పాతదైతే దాన్ని నమ్మొద్దు. కొలిచే పని తెలిసిన ఎలక్ట్రీషియన్‌తో మంచి మల్టీమీటరు పెట్టి చూడండి. తెరిచి ఉన్న తీగల దగ్గర తెలియని పని ఎవరూ చేయొద్దు. ఫ్యూజు వేయబోయి, ఏబీ స్విచ్ సరిచేయబోయి ప్రాణాలు పోగొట్టుకున్న రైతుల కుటుంబాలు మన మధ్యనే ఉన్నాయి. అది లైన్‌మన్ పని.

రెండో పని వైండింగ్ దుకాణంలో. కాలిన మోటరు విప్పినప్పుడు అక్కడ నిలబడి చూడండి, ఫోటో తీయండి. కాలిన తీరే కారణం చెబుతుంది. స్టార్ కనెక్షన్ మోటరులో రెండు ఫేజుల చుట్లు మాడి, మూడోది కొత్తదానిలా ఉంటే ఒక ఫేజు పోయినట్టు, అంటే సింగిల్ ఫేజింగ్. మూడూ ఒకే తీరుగా మాడితే లో వోల్టేజీ లేదా అధిక భారం. ఒక ఫేజు మిగతా వాటికన్నా ఎక్కువ మాడితే అసమతుల్యత. ఇసుక పట్టి జామైందా, బేరింగ్ అరిగిందా అన్నది కూడా అప్పుడే తేలుతుంది. అది మన మోటరు తప్పయితే ఒప్పుకుందాం. ఏదైనా సరే, మేస్త్రీతో రసీదు మీద ఒక్క వాక్యం రాయించుకోండి: "ఫలానా కారణంగా కాలింది." ఆ ఒక్క వాక్యం లేకనే ఇన్నాళ్లూ మన మాట ఉత్త మాటైంది.

మూడో పని ఫిర్యాదు. 1912కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు రాసుకోండి. ఏఈ ఆఫీసులో కాగితం ఇచ్చి, దాని నకలు మీద ముద్ర వేయించుకోండి. గడువులో పని కాకపోతే చట్టం 42వ సెక్షన్ కింద ఏర్పాటైన వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదికకు పోవచ్చు. అక్కడా న్యాయం జరగకపోతే విద్యుత్ అంబుడ్స్‌మన్ ఉన్నారు. లాయరు అక్కర లేదు. ఒక్కరు పోతే పక్కకు నెట్టేస్తారు. ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింది రైతులంతా ఒకే రిజిస్టరు, ఒకే అర్జీతో పోతే నెట్టడం కష్టం.

మన డిమాండ్లు

1. దక్షిణ డిస్కం పరిధిలోని ప్రతి వ్యవసాయ ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర వోల్టేజీ, ఫేజుల అసమతుల్యత, కరెంటు పోకలు నమోదు చేసే పరికరం పెట్టాలి. ముందుగా దేవరకొండ డివిజన్‌లో లైను చివరి తండాల నుంచి మొదలుపెట్టాలి.

2. ఆ లెక్కను ప్రతి నెలా సబ్‌స్టేషన్, గ్రామ పంచాయతీ నోటీసు బోర్డుల మీద తెలుగులో అతికించాలి. బిల్లుకు గానీ, కనెక్షన్ తొలగింపుకు గానీ దాన్ని వాడరాదు.

3. మోటరు కాలినప్పుడు ఆ నెల వోల్టేజీ రికార్డు చూపకుండా రైతుదే తప్పని తేల్చరాదు. వోల్టేజీ హద్దు దాటినట్టు రికార్డులో ఉంటే వైండింగ్, మోటరు గుంజి దించిన ఖర్చు పరిహారంగా ఇవ్వాలి.

4. పంపుసెట్లకు ముద్రలు, స్టార్లు ఇచ్చే పరీక్షల్లో 415 వోల్టుల ఫలితంతో పాటు, 350 వోల్టుల దగ్గర, మూడు ఫేజులు సమానంగా లేనప్పుడు ఆ మోటరు ఎంత వేడెక్కుతుందో, ఎంత నీరు పోస్తుందో కూడా పరీక్షించి పలక మీద ముద్రించాలి. కొనే రైతు అది చూసి కొంటాడు.

5. లో వోల్టేజీ పేరుతో గ్యారంటీ ఎగ్గొట్టే కంపెనీలు, అది లో వోల్టేజీకే కాలిందని రుజువు చూపాలి.

6. భారం మించిన ట్రాన్స్‌ఫార్మర్ల పక్కన అదనపు ట్రాన్స్‌ఫార్మర్లు డిస్కం ఖర్చుతోనే వేయాలి. కాలినవి 48 గంటల్లో మార్చాలి. రవాణాకు రైతుల దగ్గర పైసా వసూలు చేయరాదు.

7. ప్రతి వ్యవసాయ మోటరుకు కెపాసిటర్, సింగిల్ ఫేజింగ్ నుంచి కాపాడే రిలే ఉచితంగా ఇవ్వాలి.

రైతు మిత్రులారా, ల్యాబులో కరెంటు తప్పిందని తేలితే ఆ పరీక్షనే కొట్టేస్తారు, మోటరును తప్పు పట్టరు. మన చేలో కరెంటు తప్పినా మోటరుదే తప్పు, రైతుదే తప్పు. ఈ రెండు న్యాయాలు ఒక్కటయ్యేదాకా అడుగుతూనే ఉండాలి. వచ్చే నెల మండల సమావేశానికి ప్రతి గ్రామ శాఖ తన వోల్టేజీ రిజిస్టరుతో రావాలి. డివిజన్ ఆఫీసు ముందు మనం నినాదాలు ఇస్తాం, అది ఎట్లాగూ తప్పదు. ఈసారి నినాదంతో పాటు లెక్క కూడా పట్టుకుపోదాం. వాళ్లకు జవాబు దొరకనిది ఆ లెక్కకే.